ఈ గుంట మాది

శంఖుపాలెం కాలనీ,
భీమిలి రోడ్డు.
21 ఆగస్టు 2011.

అన్నకు,

నేను మూడు పేజీలు రాస్తే నువ్వు అందులో ఒక్క మాట చదివావు. "క్షేమంగా వచ్చాను" అని రాశానట, "వచ్చిన" అని రాయలేదట, కాబట్టి రెండు నెలలకే ఆంధ్రాదాన్ని అయిపోయానట. ఈ సంగతి ఇంట్లో అందరి ముందూ రుజువు చేసి, కన్న అవ్వతో ఒక పూట అన్నం కూడా మాన్పించావట. మెచ్చుకున్నాను. కానీ ఆ "వచ్చాను" నాకు సముద్రం నేర్పలేదు. తంగళ్ళపల్లి బడిలో, నువ్వు చదివి నాకిచ్చిన చిరుగుల పుస్తకంలో నేర్చుకున్నాను. ఉత్తరమంటే ఇట్లాగే రాయాలని మన సారు బెత్తం పట్టుకొని మరీ చెప్పాడు. నువ్వు ఆ రోజు బడికి రాలేదేమో.

ఫోన్ ఎందుకు చెయ్యవని అడిగావు. పోయినసారి చేస్తే "బాగున్నవా చెల్లె" అన్నావు, వెనుక నుంచి నలభై మంది "జై తెలంగాణ" అన్నారు. ఫోన్ స్పీకర్ మీద పెట్టావు. అవ్వకు ఒక్కదానికే చెప్పాల్సిన మాట రిలే దీక్షల టెంట్ మొత్తం విన్నది. అందుకే ఉత్తరం. కాగితానికి స్పీకర్ ఉండదు.

సముద్రం ఎట్లుందని బాపు అడిగాడట. తడిగా ఉందని చెప్పు.

కాలనీ గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను. కాలనీ అని బోర్డు మీద మాత్రం ఉంటుంది. రోడ్డుకు అటు పక్క ఎండు చేపలు, ఇటు పక్క రిటైరైన ఉద్యోగులు. రెండు రకాలూ పొద్దున ఆరింటికల్లా ఎండకు వస్తాయి. వెనుక సరుగుడు తోటలు ఉండేవట, ఇప్పుడు మొదళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా రంగురంగుల జెండాలు పాతి వెంచర్లు వేశారు. మనుషుల కంటే హద్దురాళ్ళు ఎక్కువ. ఆదివారం కార్లలో వచ్చి, చెప్పులు విడిచి, తమ ఖాళీ జాగాలో నిలబడి ఫోటో దిగి పోతారు. నేనూ ఒకటి చూసి పెట్టుకున్నాను. అలలకు నాలుగు అడుగులు లోపల. అక్కడ పోటీ తక్కువ.

నా పని హేచరీలో రొయ్యపిల్లలు బతికున్నాయో లేదో చూడటం. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. జగిత్యాలలో బీఎస్సీ చదివి, జీవితంలో మొదటిసారి నా మాట వినే వాళ్ళను సంపాదించుకున్నాను.

నేను అద్దెకున్న ఇంటామె పేరు నూకరత్నం. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పొద్దున లేచింది మొదలు నేను తిన్నానా లేదా అని కాపలా. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు తుప్పు పడుతున్నాయట, మన వాళ్ళకు రెండు ముక్కలు తనే రాస్తానని పక్కన కూర్చుంది. నన్ను చూడొద్దంది. చూడను. కవరు అంటించి, బజారుకు గంప ఎత్తుకుపోతూ పోస్టులో వేసేదీ తనేనట. ఉత్తరం ఎండు చేప వాసన వస్తే నా తప్పు కాదు.

బడిలో నేర్పినట్టే రాసిన,
నీ చెల్లె
ప్రవళిక

బాబూ నాను ఇంటోలమ్మని మీ గుంట మా కాడ బాగుంది బెంగెట్టుకోకండి ఇప్పటిసంది ఈ గుంట మాది ఎవులొచ్చి అడిగినా ఇవ్వం మీ నాన్నగోర్ని ఓపాలి వచ్చి సూసుకోమనండి నూకరత్నం


తంగళ్ళపల్లి,
3 సెప్టెంబర్ 2011.

జై తెలంగాణ.

చెల్లెకు,

నీ ఉత్తరం అందింది. వాసన గూడ అందింది. ముందుగాల అసలు సంగతి మాట్లాడుకుందాం.

గుంట జాగ కొన్నవు. అన్నకు ఒక్క మాట చెప్పకపోతివి. "నేనూ ఒకటి చూసి పెట్టుకున్నాను" అని వంకరటింకరగ రాసినవు. బాపు నాతోని నాలుగు సార్లు చదివిచ్చిండు. మాకు ఏమీ సమజ్ కాలే. కింద ఆ ఇంటామె రాసింది చూసినంక కండ్లు తెరుసుకున్నయ్. "ఈ గుంట మాది, ఎవరొచ్చి అడిగినా ఇవ్వం" అని దస్కతు పెట్టి మరీ రాసింది. ఎవడన్న కబ్జా చేస్తే చాటుంగ చేస్తడు. ఈమె పోస్టుల పంపి చేసింది. అయితే "మీ గుంట" అని ముందుగాల ఒప్పుకున్నది, అది మనకు పనికొస్తది. సిరిసిల్లల వకీలును అడిగిన.

గిప్పుడు బాపు సంగతి. నీకెరుకే, ఊరోళ్ళ భూములు కొలిచినప్పుడల్లా ముప్పై ఏండ్లు గొలుసు కొస పట్టిన మనిషి. ఆ గొలుసు ఒక్కనాడు గూడ మన జాగ మీద పడలే, మనకు జాగ ఉంటే కద. కబ్జా సంగతి తర్వాత, ముందు బిడ్డ గుంట కొన్నదన్న మాటకే లేసి నిలవడ్డడు. "అరే, గుంటంటె ఎంతనో మీకు ఎరుకనారా" అని తాడు తెచ్చి, బడి ఎనుక ఖాళీ జాగల ముప్పై మూడు అడుగులకు ముప్పై మూడు అడుగులు కొలిచి నాలుగు మూలల గూటాలు పాతిండు. తాడు గట్టిండు. పక్కింటి మొగిలవ్వ అడ్డంల నుంచి పోతుంటే "చెప్పులు ఇడిసి పో అక్కా" అన్నడు. ఆమె నిజంగనే ఇడిసింది.

కోరుట్ల నుంచి బాలమణి చిన్నమ్మ ఫోన్ చేసింది. బీడీలు చుట్టుడు బంద్ చేసి మరీ అడిగింది, గుంటల ఎన్ని కొబ్బరి చెట్లు పడ్తయని. పన్నెండు అని చెప్పిన.

నీ ఉత్తరం టెంట్‌ల మైకు పెట్టి చదివిన. "వచ్చాను" ఉన్న కాడ "వచ్చిన" అని మార్చి చదివిన, నీ ఇజ్జత్ కాపాడిన. రిటైరైన ఉద్యోగులు ఎండకు కూసుంటరు అన్న కాడ మస్తు చప్పట్లు పడ్డయ్. అంటే ఉద్యోగాలన్ని వాళ్ళే చేసి రిటైరైతున్నరని అందరికీ అర్థమైంది. నువ్వు ఇంత బాగ రాస్తవని నాకెరుకలే.

కాయితం ఎవరి పేరు మీద ఉన్నదో జల్ది రాయి.

పోరాటంల,
నీ అన్న
గోవర్ధన్
మండల ప్రచార కార్యదర్శి


శంఖుపాలెం కాలనీ,
15 సెప్టెంబర్ 2011.

మండల ప్రచార కార్యదర్శి గారికి,

గుంట నేనే.

ఈ వైపు ఆడపిల్లను గుంట అంటారు. మగపిల్లవాడైతే గుంటడు. "మీ గుంట మా కాడ బాగుంది" అంటే మీ పిల్ల మా దగ్గర బాగుందని. "ఈ గుంట మాది" అంటే ఇక మా పిల్లే అనుకుంటామని. "ఎవులొచ్చి అడిగినా ఇవ్వం" అంటే ఆమెకు నా మీద ప్రేమ ఉందని. మన ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు కాబట్టి పోల్చుకోవడం కష్టమే. నేను కూడా మొదటి రోజు "గుంటా, ఇటు రా" అంటే కాలి కింద గుంత ఉందేమోనని పక్కకు జరిగాను. కాకపోతే జరిగి ఊరుకున్నాను. వకీలు దగ్గరికి పోలేదు.

నేను ఏ భూమీ కొనలేదు. "అలలకు నాలుగు అడుగులు లోపల" అంటే సముద్రంలో. నీళ్ళలో. దాన్ని వెటకారం అంటారు. మన ఊర్లో కూడా ఉండేది, టెంట్ పడకముందు.

బాపు గూటాలు పాతిన సంగతి చదివి నవ్వాను. తర్వాత మొగిలవ్వ చెప్పులు విడిచిన దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మైకులో చదివింది నువ్వు కాబట్టి బాపుకు చెప్పాల్సిందీ నువ్వే. మెల్లగా చెప్పు. బాలమణి చిన్నమ్మ పన్నెండు కొబ్బరి చెట్లనూ నువ్వే నరుకు.

ఇక్కడ కూడా ఒక టెంట్ ఉంది. జంక్షన్‌లో, సమైక్యాంధ్ర వాళ్ళది. మీకంటే షామియానా కొత్తది, మంచినీళ్ళు చల్లనివి. మిగతా అంతా ఒకటే, మైకు గరగరతో సహా. కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడైన రిటైర్డ్ హెడ్మాస్టరు మొన్న హేచరీ గేటు దగ్గర నన్ను ఆపాడు.

"నువ్వు తెలంగాణ అమ్మాయివి కదమ్మా. ఒక్క గంట మా టెంట్‌లో కూర్చుంటే పేపర్లో ఫోటో వేయిస్తాం. తెలంగాణ వాళ్ళూ కలిసే ఉండాలంటున్నారని తెలుస్తుంది."

"కానీ నేను తెలంగాణ రావాలనే అంటానండీ."

"నువ్వేమీ అనక్కర్లేదమ్మా. కూర్చుంటే చాలు."

డ్యూటీ ఉందని చెప్పాను. అప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే మన జిల్లా మీద జాలి చూపిస్తున్నాడు. "మీకు నీళ్ళుండవు కదా, స్నానాలవీ ఎలాగ?" అన్నాడు నిన్న. మీలాంటి పెద్దవాళ్ళు ఊరికి వచ్చి పోయాక చేస్తామని చెప్పాను.

మర్చిపోవద్దు. బాపుకు ముందు, టెంట్‌కు తర్వాత.

ఎవరూ కబ్జా చేయని,
ప్రవళిక


తంగళ్ళపల్లి,
1 అక్టోబర్ 2011.

జై తెలంగాణ.

చెల్లెకు,

నీ జవాబు రాలే. సకలజనుల సమ్మె నడుస్తున్నది, బస్సులు బంద్, బట్ట నేసే సాంచెలు బంద్. సిరిసిల్ల మొత్తంల సాంచె చప్పుడు లేకపోతే చెవులు పోయినట్టున్నది. టపా గూడ ఎక్కడన్న ఆగిందేమో అని నేనన్న. కాదు, ఆ ఇంటామెనే నీ చేతుల నుంచి కలం గుంజుకున్నదని కమిటీ తీర్మానం చేసింది.

దాని మీద కరపత్రం అచ్చేసినం. "సముద్రపు ఒడ్డున తెలంగాణ ఆడబిడ్డ గుంట భూమిని మింగిన ఆంధ్రా పెట్టుబడిదారు" అని పెద్దక్షరాల. కింద ఆమె పేరు, నీ పేరు, కాలనీ పేరు. రెండు వేలు కొట్టిచ్చినం. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పంచినం, బీర్పూర్, కొడిమ్యాల గూడ పోయినయ్. ఒకటి మీ కంపెనీకి, ఒకటి ఆ కాలనీకి అధ్యక్షుడని ఎవడుంటే వానికి పోస్టు చేసిన. భయపడాలె.

ఈ నెల ముప్పై తారీఖు సిరిసిల్లల సభ. నిన్ను ముందు వరుసల కూసోబెడ్తం. రైలు లేకపోతే లారీ మాట్లాడి పంపుత. నువ్వు మాట్లాడేది ఏం లేదు. కూసుంటే సాలు, నేను మాట్లాడ్త.

4 అక్టోబర్.

పై రాత పోస్టు చేయకముందే నీ ఉత్తరం చేతికచ్చింది. మూడు సార్లు చదివిన. గుంటంటె ఆడిపిల్లనా. గిదేం భాషనే.

చెల్లె, నిజం చెప్తున్న. ఇప్పుడు మైకు పట్టుకొని "తప్పైంది, గుంటంటె మా చెల్లె" అంటే కొడిమ్యాల దాక నవ్వుతరు. ఇంతమంది ఇంట్ల పొయ్యి ఎలగకున్నా సమ్మె చేస్తున్నరు, నా ఒక్కని తెలివితక్కువతనంతోని వాళ్ళ మీద నవ్వు పడొద్దు. నువ్వు రా. అచ్చి, జాగ ఉండె, పోయింది, అని తల ఊపు. నోట అబద్ధం ఆడమంటలే, తల ఊపమంటున్న.

ఇంకోటి. బాపుకు చెప్పలే. నోరు రాలే. పొద్దున్నే లేసి ఆ తాడు లోపల జాగ ఊడుస్తున్నడు. రాళ్ళు ఏరి అవతల పారేస్తున్నడు. అది నువ్వే అచ్చి చెప్పు. రొయ్యల పని ఇడిసిపెట్టి రా, ఇగ వాపసు పోవుడు ఉండది. రాకపోతే ఈ ఇంటికి బిడ్డ లేదనుకుంటం. అవ్వ అన్న మాట కాదు. నేనంటున్న.

గోవర్ధన్


శంఖుపాలెం కాలనీ,
18 అక్టోబర్ 2011.

అన్నకు,

కరపత్రం చేరింది. అచ్చు బాగుంది. భయపడాల్సిన వాళ్ళు ఎట్లా భయపడ్డారో నీకు పూర్తిగా రాయడం నా ధర్మం.

కాలనీ అధ్యక్షుడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని నూకరత్నం వాకిట్లోకి వచ్చాడు. ఆమె చేపలు తిరగేస్తోంది. నన్ను చదవమంది. చదివాను, మొదటి అక్షరం నుంచి మీ ప్రెస్సు పేరు దాకా. విన్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు.

"నా పేరు నూకరత్నం గదా," అంది చివరికి. "నూకలరత్నం అని ఏసినారేటి? నూకలు ఎక్కణ్ణుంచొచ్చాయి?"

ఆమెకున్న మొదటి అభ్యంతరం అది. రెండోది ఆ వరుస చేపలన్నీ తిరగేశాక వచ్చింది.

"గుంటంటే మీకాడ బూమా? ఎంతుంటాది?"

ముప్పై మూడు అడుగులకు ముప్పై మూడు అన్నాను. ఆమె లేచి నిలబడి తన ఇంటిని ఈ మూల నుంచి ఆ మూలకు చూసుకుంది. "నా ఇల్లే అంత లేదు. ఇంకోల్ల గుంట తెచ్చి యాడెట్టుకుంటానమ్మా?"

ఆంధ్రా పెట్టుబడిదారు గురించి నీ కరపత్రంలో లేని ఒక సంగతి. ఈ ఇంటికి కాగితం లేదు. ఒడ్డు మీద ఉన్న ఏ ఇంటికీ లేదు. పోయిన వారం వెంచర్ వాళ్ళు టేపు పట్టుకొని వచ్చి ఆమె వాకిలి కొలుచుకొని పోయారు. టేపు కొస పట్టుకున్నది ఆమె అన్న కొడుకే, రోజు కూలికి. ఆమె వాడికి మజ్జిగ ఇచ్చి పంపింది.

అధ్యక్షుడు ఊరుకోలేదు. "చూశావా రత్నం, వాళ్ళ బుద్ధి. రేపు మన టెంట్‌లోకి వచ్చి నాలుగు మాటలు చెప్పు," అన్నాడు.

"మబ్బేసింది బాబూ. సేపలు లోపలెట్టుకోవాలి," అంది.

ఆయన పోయాక కరపత్రాన్ని మడిచి గూట్లో దాచింది. తన పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారట, తప్పుగా పడితే ఏం.

హేచరీ మేనేజరు కూడా పిలిచాడు. కరపత్రం చదివాడు. "ఈ టెంట్‌కు వెళ్ళినా, ఆ టెంట్‌కు వెళ్ళినా మళ్ళీ పనిలోకి రానక్కర్లేదు. ట్యాంకులో పిల్లలు చచ్చిపోతాయి," అన్నాడు. ఈ నాలుగు నెలల్లో నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో తలా తోకా ఉన్నది ఇదొక్కటే.

ఇక బాపు. నువ్వు చెప్పలేదు కాబట్టి నేను చెప్పాను. మొగిలవ్వ ఫోన్‌కు చేసి, ఆమెను పక్క గదిలోకి పొమ్మని బతిమాలి, బాపు చేతికి ఇప్పించాను.

"బాపూ, నేను గుంట కొనలేదు."

"ఎరుకే బిడ్డ."

"గోవర్ధన్ అన్న చెప్పిండా?"

"వాడేం చెప్తడు. రెండు నెల్ల పనికి గుంట ఎవడిస్తడు బిడ్డ? గొలుసు పట్టినోన్ని, నాకు జాగల ధర ఎరుక లేదా?"

"మరి గూటాలు ఎందుకు పాతినవు?"

మొగిలవ్వ ఇంట్లో కోళ్ళ చప్పుడు వినిపించింది.

"ఊరందరికీ కొలిచిన. ఒక్కపారి నాకోసం కొలుద్దామనుకున్న."

తీసేస్తావా అంటే, బడోళ్ళు తీయమన్నప్పుడు తీస్త, అన్నాడు. నేను ఇంటికి రావాల్నా అని అడిగాను.

"ఆడ పని ఉన్నదా?"

"ఉన్నది."

"మరి చేస్కో."

ఫోన్ పెట్టేముందు ఒక్కటే అడిగాడు. సముద్రం కాడ భూమి ఎట్ల కొలుస్తరు, హద్దు ఎక్కడ పెడ్తరు, అని. నాకు తెలియదన్నాను. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి నూకరత్నం పాత వలతాడు అడిగి తీసుకున్నాను. ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస ఆమె పట్టుకుంది. తడి ఇసుకలో ముప్పై మూడుకు ముప్పై మూడు గీశాం. ఆదివారం కార్లలో వచ్చేవాళ్ళు మా వైపు చూసి, కొత్త వెంచరేమో అనుకొని, చదరపు గజం ఎంత అని అడిగారు. అమ్మడం లేదని నూకరత్నం చెప్పింది. పడమర హద్దు బాగానే ఉంది. తూర్పు హద్దు మాత్రం అల వచ్చినప్పుడల్లా పోతోంది. ఈ సంగతి బాపుకు చెప్పు, ఆయన ఏదైనా ఉపాయం చెప్తాడు.

ఇప్పుడు నీ సంగతి. రెండు టెంట్లూ నన్ను అడిగింది ఒక్కటే, నోరు మూసుకొని కూర్చోమని. ఆ హెడ్మాస్టరు అడిగితే నాకు నవ్వొచ్చింది. నువ్వు అడిగితే రాలేదు. మీ పోరాటం నిజమైనదే. పొయ్యి వెలగని ఇళ్ళూ నిజమే. అంత నిజం చేతిలో ఉండగా నా తల ఊపు నీకెందుకో నాకు అర్థం కాలేదు. నవ్వుతారని కదా నీ భయం. నవ్వనీ. నెల పైగా అన్నం లేకుండా కూర్చున్నవాళ్ళకు ఒక పూట నవ్వు దొరుకుతుంది. మైకులో చెప్తావో లేదో నీ ఇష్టం. మళ్ళీ అచ్చేస్తే మాత్రం ఆమె పేరు నూకరత్నం, లకారం తీసెయ్యండి.

ఇంటికి బిడ్డ లేదనుకుంటామన్నావు. అనుకో. ఆ జాగా కూడా కొలిచి గూటాలు పాతుకో.

లారీ మాట్లాడొద్దు. ముప్పయ్యో తారీఖు ఆదివారమే అయినా కొత్త పిల్లల బ్యాచ్ దిగుతుంది, నేను డ్యూటీ అడిగి వేయించుకున్నాను. చివరి మాట, నువ్వు మార్చి చదవాల్సిన అవసరం లేకుండా, మన మాటలోనే రాస్తున్న.

తెలంగాణ అస్తది. నేను రాను.

ప్రవళిక